వెతకని చోటు

శ్రావణ మంగళవారం కసాపురం ఆంజనేయస్వామి గుడి దగ్గర కాలు పెట్టే సందు దొరకదు. గుంతకల్లు నుంచి ఆటోలు జనాన్ని దించి, మళ్లీ వెనక్కి పోయి నింపుకొని వస్తుంటాయి. బళ్లారి వైపు నుంచి వచ్చినవాళ్ల కన్నడం, మనవాళ్ల తెలుగు క్యూలో కలిసిపోతాయి. అలాంటి ఒక మంగళవారం నాతో మా అక్క కొడుకు వచ్చాడు. వచ్చాడు అనడం కంటే వాళ్లమ్మ బలవంతాన పంపించింది అనడం నిజం. బీటెక్ ట్రిపుల్ ఈ, అంటే కరెంటు ఇంజినీరింగ్ చేశాడు. చదువైపోయి రెండేళ్లు దాటింది, ఉద్యోగం లేదు.

క్యూలో అరగంట నోరు విప్పలేదు. ఉన్నట్టుండి అన్నాడు: "మామా, స్వామికేముంది, పుట్టుకతోనే బలం. ఇంటర్వ్యూ లేదు, రిజెక్ట్ చేసేవాడు లేడు. మా టెన్షన్ ఆయనకేం అర్థమవుతుంది?"

ముందు నిలబడిన పెద్దావిడ వెనక్కి తిరిగి చూసి, వాడి తరఫున తనే చెంపలేసుకుంది.

నాకు కోపం రాలేదు. వాడికి ఇక్కడి స్థలపురాణం కొత్తగా చెప్పనక్కర్లేదు. విజయనగర కాలపు గురువు వ్యాసరాయల వారికి స్వామి కలలో కనిపించడం, ఎండిన వేప చిగురించిన చోట తవ్విస్తే విగ్రహం బయటపడడం, ఇదంతా వాళ్ల అవ్వ వాడికి సంగటి ముద్దతో పాటు తినిపించింది. అందుకని వేరే కథ ఎత్తుకున్నాను. "ఇంటర్వ్యూ జరిగిందిరా, సముద్రం ఒడ్డున" అన్నాను.

కిష్కింధకాండ చివర్లో ఉంటుంది ఆ ఘట్టం. సుగ్రీవుడు ఇచ్చిన గడువు ఒక నెల. అది దాటిపోయింది. పని కాకుండా వెనక్కి పోతే రాజు ఏం చేస్తాడోనని అంగదుడు, మిగతా వానరులు అన్నం నీళ్లు మానేసి చచ్చిపోదామని దర్భలు పరుచుకుని పడుకున్నారు. వాళ్లను తినొచ్చని ఆశపడిన రెక్కల్లేని ముసలి గద్ద సంపాతి, చివరికి సీత ఎక్కడుందో వాళ్లకు చెప్పింది. లంకలో ఉంది, దారి నూరు యోజనాల సముద్రం. ఇప్పుడు ఎవరు దూకుతారు?

ఒక్కొక్కరే లేచి చెప్పారు. గజుడు పది యోజనాలన్నాడు. గవాక్షుడు ఇరవై. మైందుడు అరవై, ద్వివిదుడు డెబ్భై, సుషేణుడు ఎనభై. జాంబవంతుడు వయసైపోయిందని, తొంభై వరకు పోగలనని చెప్పాడు. అంగదుడు నూరూ దూకుతానన్నాడు, తిరిగి రాగలనో లేదో మాత్రం చెప్పలేనన్నాడు.

ఇక్కడ నేను ప్రతిసారీ ఆగిపోతాను. పది యోజనాలే దూకగలిగిన గజుడు ఇరవై అని చెప్పలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. రాని కంప్యూటర్ భాషలు నాలుగు రెజ్యూమెలో రాసుకుని, అడిగినప్పుడు గుటకలు మింగే పిల్లలను చూసినప్పుడల్లా నాకు గజుడు గుర్తొస్తాడు. అంగదుడైతే ఇంకా గొప్ప. "పోగలను, రాగలనో లేదో తెలియదు" అనడానికి యువరాజుకు ఎంత ధైర్యం కావాలి! విదేశాలకని అప్పు చేసి టికెట్ కొనే ముందు ఆ ఒక్క మాట మనసులో అనుకున్నా సగం కొంపలు నిలబడతాయి.

హనుమంతుడు మాత్రం ఓ పక్కన ఊరికే కూర్చున్నాడు. మునుల శాపం వల్ల తన బలం తనకు గుర్తు లేదంటారు. ఉండొచ్చు. నాకైతే మూల కూర్చున్న ఆ మౌనం బాగా తెలిసిన మౌనమే. పండగకు చుట్టాలొచ్చినప్పుడు ఉద్యోగం లేని పిల్లలు మేడ మీద గదిలో అలాగే కూర్చుంటారు.

జాంబవంతుడు ఆయన దగ్గరికి పోయి ఏమన్నాడు? "చూడు, అంగదుడు వంద అంటున్నాడు, నువ్వేం చేస్తున్నావ్" అనలేదు. పక్కింటివాళ్ల ప్యాకేజీ లెక్క చెప్పలేదు. పసివాడిగా ఉన్నప్పుడు సూర్యుణ్ణి పండనుకుని మూడు వందల యోజనాలు పైకెగిరావు కదా అన్నాడు. అంటే కొత్తగా ఏదీ నేర్పలేదు. ఒకసారి చేసి చూపించిన పనినే గుర్తు చేశాడు. మూడు వందలు ఎగిరినవాడికి వంద ఎంత?

నాకు అప్పుడే తట్టింది. "నువ్వు పదో తరగతిలో ఉండగా మన చేలో మోటార్ స్టార్టర్ కాలిపోతే ఏం చేశావో గుర్తుందా?" అని అడిగాను. మెకానిక్ రేపు వస్తానన్నాడు, కరెంటు రాత్రి రెండింటికే ఇస్తారు, చెనిక్కాయ ఎండిపోతోంది. వీడు టార్చిలైటు నోట్లో పట్టుకుని, కాలిన కాయిల్ విప్పి, పాత స్టార్టర్‌లోది తీసి బిగించి నీళ్లు పారించాడు. వేళ్ల మీద నల్లటి మసి వారం రోజులు పోలేదు.

"అదేం పెద్ద పని మామా" అన్నాడు. అన్నాడు గాని, ఆ రోజు మొదటిసారి ముఖం తేటపడింది.

దర్శనమైంది. ఇక్కడి స్వామి పక్కకు తిరిగి ఉంటాడు, మనకు కనిపించేది ఒక్క కన్నే. ఆ కన్ను ముందు నిలబడితే ఏం అడగాలనుకున్నామో మరిచిపోతాం. బయటికొచ్చి చెట్టు కింద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తీసుకుని కూర్చున్నాం. సముద్రం దాటేటప్పుడు హనుమంతుడికి ఎదురైన మైనాకుడు, సురస, సింహిక సంగతులు వాడికి తెలుసు కాబట్టి నేరుగా లంకలోకి పోయాను.

రాత్రిపూట హనుమంతుడు రావణుడి అంతఃపురం గది గదీ వెతుకుతాడు. మంచం మీద నిద్రపోతున్న మండోదరిని చూసి సీతే అనుకుంటాడు. ఆ సంతోషం చూడాలి. భుజాలు చరుచుకున్నాడు, తోక ముద్దు పెట్టుకున్నాడు, పాడాడు, స్తంభాలెక్కి కిందికి దూకాడు. కోతి స్వభావమంతా చూపించాడని వాల్మీకే రాశాడు. ఆ తర్వాత నిదానంగా ఆలోచించాడు. రాముణ్ణి విడిచిన సీత ఇలా నగలు పెట్టుకుంటుందా? తాగుతుందా? కడుపునిండా తిని హాయిగా నిద్రపోతుందా? పోదు. అయితే ఈమె సీత కాదు.

దీని దగ్గర నా సొంత కథ ఒకటి ఉంది. నాకు ఇరవై మూడేళ్లప్పుడు పెద్ద ఊళ్లో ఒక ఆఫీసువాళ్లు ఉద్యోగం ఖాయమన్నారు, ముందు డిపాజిట్ కట్టమన్నారు. మా నాయన చెనిక్కాయ అమ్మిన డబ్బు తెచ్చి చేతిలో పెట్టాడు. నేను బస్సు దిగీ దిగగానే వీధంతా మైసూర్‌పాక్ పంచాను. మూడోసారి పోయేసరికి ఆఫీసుకు తాళం. అప్పుడు నేనూ భుజాలు చరుచుకున్నవాణ్ణే, తోక ముద్దు పెట్టుకున్నవాణ్ణే. నాకు రానిదల్లా హనుమంతుడి రెండో ఆలోచన. పని ఇచ్చేవాడు మనకు జీతమివ్వాలి గానీ మన దగ్గర డబ్బు తీసుకుంటాడా? ఆ ఒక్క లక్షణం సరిచూసుకుని ఉంటే సరిపోయేది. మా నాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఏడు విత్తనానికి మాత్రం అప్పు తెచ్చాడు.

హనుమంతుడు మండోదరిని దాటి పానశాల, పడక గదులు అన్నీ చూశాడు. సీత లేదు. కుంగిపోయాడు. ఇక్కడ, సుందరకాండ పన్నెండో సర్గలో, తనకు తాను చెప్పుకున్న శ్లోకం ఇది:

అనిర్వేదః శ్రియో మూలం అనిర్వేదః పరం సుఖమ్ ।
అనిర్వేదో హి సతతం సర్వార్థేషు ప్రవర్తకః ॥

నిర్వేదం అంటే ఇక నావల్ల కాదని చతికిలబడడం. అది లేకపోవడమే సంపదకు మూలం, అదే పరమ సుఖం, ఏ పనిలోనైనా మనిషిని ముందుకు నడిపించేది అదే. కోచింగ్ సెంటర్ల గోడల మీద రాయదగ్గ శ్లోకం. నిజం చెప్పాలంటే చాలాకాలం నేనూ దీన్ని "పట్టు వదలొద్దు" అనే మామూలు మాటగానే చదివాను.

తర్వాత ఏం జరిగిందో చూడండి. ఈ శ్లోకం చెప్పుకుని లేచి మళ్లీ వెతికాడు. మళ్లీ దొరకలేదు! పదమూడో సర్గలో ముందుకంటే ఘోరంగా కుంగాడు. సీత లేదని చెబితే రాముడు బతకడు, రాముడు లేకపోతే లక్ష్మణుడు, ఆ వెనక భరతుడు, శత్రుఘ్నుడు, తల్లులు, సుగ్రీవుడు, అంగదుడు... ఒక్కొక్కరి చావూ వరసగా ఊహించుకున్నాడు. నిప్పులో దూకాలా, నీళ్లలో పడాలా అని కూడా అనుకున్నాడు. అంత చీకటి నుంచి ఆయన్ని లాగిన మాట చిన్నది: "జీవన్ భద్రాణి పశ్యతి". బతికుంటే మంచి చూస్తాం. ఈ వ్యాసం చదివేవాళ్లలో ఎవరికైనా రాత్రుళ్లు అలాంటి ఆలోచనలు వస్తుంటే, దయచేసి ఇంట్లో ఎవరో ఒకరిని లేపి చెప్పండి. మానసిక సాయం కోసం ఉన్న 14416 టెలిమానస్ నంబరుకు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు. హనుమంతుడంతటివాడికే వచ్చిన ఆలోచన అది. మీకు వచ్చిందని సిగ్గుపడాల్సిన పని లేదు.

మరి శ్లోకం పనిచేయలేదా? పనిచేసింది. ఎలాగంటే, అన్ని చావులూ లెక్కపెట్టుకున్న తర్వాత ఆయన కంటికి పెద్ద పెద్ద చెట్లతో ఒక తోట కనిపించింది. "ఇది నేను వెతకలేదు" అనుకున్నాడు. అశోకవనం.

అంతవరకు ఆయన ఎక్కడ వెతికాడు? రాణి ఉండాల్సిన చోట. మేడల్లో, మంచాల మీద, దీపాల వెలుగులో. సీత ఉన్నది చెట్టు కింద నేల మీద. ఆయన కష్టంలో లోపం లేదు. ఆయన గీసుకున్న గిరి చిన్నది, అంతే.

తొలకరి పడగానే వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో జనం తల వంచుకుని నడుస్తుంటారు, వజ్రమో రంగురాయో దొరుకుతుందేమోనని. ఎన్నేళ్ల నుంచో అదే చేలో, అదే గట్టు మీద వెతికే మనుషులున్నారు. వాళ్ల ఓపికకు దండం పెట్టాల్సిందే. కానీ హనుమంతుడు చెప్పిన అనిర్వేదం అది కాదని నాకిప్పుడు అనిపిస్తుంది. వెతికిన చోటే పదిసార్లు వెతకడం వేరు, వెతకని చోటు ఇంకేదైనా మిగిలిందా అని తలెత్తి చూడడం వేరు.

మా వాడి దగ్గర ఒక నోట్‌బుక్ ఉంటుంది. చేతులు కడుక్కుని దాన్ని తీయమన్నాను. ముప్పై ఒక్క కంపెనీల పేర్లు, ఒక్కోదాని మీద ఎర్ర పెన్నుతో కొట్టివేత. అన్నీ బెంగళూరే, అన్నీ సాఫ్ట్‌వేరే. ట్రిపుల్ ఈ చదివి కరెంటు పని ఒక్కటీ లేదు అందులో!

"వీటిల్లో మన జిల్లా ఎక్కడుందిరా?" అన్నాను. ఉమ్మడి అనంతపురంలోనే ఎన్.పి.కుంటలో ఊళ్లకు ఊళ్లంత సోలార్ పార్కు ఉంది. రామగిరి కొండల మీద గాలిమరలు మనకు చిన్నప్పటి నుంచి తెలిసినవే. పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి, ఆ ఫ్యాక్టరీ చుట్టూ విడిభాగాల యూనిట్లు వచ్చాయి. గుంతకల్లు రైల్వే డివిజన్ ఇంటి ముందే ఉంది. వీటిల్లో ఉద్యోగం సిద్ధంగా ఉందని నేననడం లేదు, జీతం బెంగళూరంత ఉంటుందనీ అనడం లేదు. మొదట అప్రెంటిస్‌గా పోవాల్సి రావచ్చు, ఎండలో ప్యానెళ్ల మధ్య నిలబడాల్సి రావచ్చు.

వాడు వెంటనే ఒప్పుకోలేదు. "ఫ్రెండ్సంతా బెంగళూరులో ఉంటే నేను ఎన్.పి.కుంటలో ఉంటే ఏమనుకుంటారు మామా?" అన్నాడు. నిజమైన అడ్డం అదే. కంపెనీలు కాదు. దానికి నా దగ్గర జవాబు లేదు, మరో బజ్జీ వాడి ఆకులో వేశాను.

కాసేపాగి వాడే అడిగాడు, తోట కనబడగానే హనుమంతుడు దూకేశాడా అని. లేదు. ముందు నమస్కారం చేశాడు:

నమోఽస్తు రామాయ సలక్ష్మణాయ
దేవ్యై చ తస్యై జనకాత్మజాయై ।
నమోఽస్తు రుద్రేంద్రయమానిలేభ్యో
నమోఽస్తు చంద్రార్కమరుద్గణేభ్యః ॥

రాముడికి, లక్ష్మణుడికి, ఆ వెంటనే జానకీదేవికి. ఇంకా కనబడలేదు, ఉందో లేదో తెలియదు, అయినా ఆ తల్లికి దండం పెట్టాడు. ఆ తర్వాతే రుద్రుడికి, ఇంద్రుడికి, యముడికి, కన్నతండ్రి వాయుదేవుడికి, చంద్రుడికి, సూర్యుడికి. మా అవ్వ ఈ శ్లోకాన్ని చెరుగుతున్న చాట పక్కన పెట్టి, కళ్లు మూసుకుని చదివేది. ఎవరు ఏ పని మీద ఊరికి పోతున్నా గడప దాటేలోపు వినిపించేది.

"మళ్లీ చెప్పు మామా, నిదానంగా" అన్నాడు. నోట్‌బుక్ వెనక్కి తిప్పి, కొట్టివేతలు లేని పేజీ తీసి, ఎర్ర పెన్ను జేబులో పెట్టి నా దగ్గర నీలం పెన్ను అడిగి తీసుకున్నాడు. "రుద్రేంద్ర" దగ్గర వత్తు తప్పు రాశాడు. దిద్దుదామనుకునే లోపే గుంతకల్లు ఆటో వచ్చింది. ఇద్దరం పరిగెత్తాం.