కీళ్లు బిగుసుకుపోయాయా? స్ట్రెచింగ్‌కు ముందు కొలవండి

"నా ఒళ్లు అస్సలు వంగదు" అన్న నమ్మకంతోనే చాలామంది స్ట్రెచింగ్ మొదలుపెడతారు. ముందుకు వంగితే చేతులు పాదాలకు అందకపోవడమే వాళ్లు చూపించే రుజువు. కానీ చేతులు పొట్టిగా, కాళ్లు పొడుగ్గా ఉన్నా అందవు. అందుకోగలిగిన వాళ్లలో కొందరు నడుమునే బాగా వంచేస్తారు, తుంటి దగ్గర కదలిక తక్కువే ఉంటుంది. కాబట్టి ఒక్కో కీలునూ విడిగా కొలవాలి.

కొలవక ముందే ఆ కీలు ఎంత బిగువుగా అనిపిస్తోందో 0 నుంచి 10 వరకు ఒక అంకె వేసి రాసిపెట్టుకోండి. కోణం చూశాక వేస్తే ఆ అంకె కోణం వైపు జరిగిపోతుంది.

తొడ వెనుక కండరాల కోసం వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా, ఒక కాలిని మరొకరి చేత నెమ్మదిగా ఎత్తించుకోవాలి. కీలు కోణాన్ని కొలిచే రెండు పుల్లల పరికరం గోనియోమీటర్. దాని ఇరుసు తుంటి పక్కన చేతికి తగిలే ఎముక మీద, ఒక పుల్ల మొండెం వెంట, రెండోది మోకాలి బయటి వైపుకు ఉండాలి. పెద్దవాళ్లలో 80 డిగ్రీల దాకా వస్తే మామూలే. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే: కింది కాలి మోకాలు వంగుతుంది, లేదా కటి భాగం వెనక్కి దొర్లుతుంది. అప్పుడు తుంటి ఇవ్వని డిగ్రీలు కూడా లెక్కలో చేరిపోతాయి. కింది తొడను నేలకు అదిమి పట్టండి. వార్మప్ లేకుండా, రోజూ ఒకే వేళకు, మూడుసార్లు కొలిచి సగటు తీయండి. 5 డిగ్రీల లోపు తేడా వస్తే మార్పుగా లెక్కించకండి, కొలతలోనే అంత పొరపాటు ఉంటుంది.

చీలమండకు ఒక టేపు చాలు. పాదాన్ని గోడకు ఎదురుగా ఉంచి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించాలి. తాకగలిగినంత వరకు పాదాన్ని వెనక్కి జరుపుతూ పోయి, బొటనవేలి నుంచి గోడకు ఉన్న దూరం కొలవండి. రెండు కాళ్ల మధ్య 2 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే పట్టించుకోవలసిందే.

ఇప్పుడు ముందు వేసిన అంకెను కోణంతో పోల్చండి. బిగువు 8, కోణం 85 డిగ్రీలు అయితే కండరం పొట్టిగా లేదన్నమాట. కాలు ఎత్తి ఉన్న చోటే ఆపి, పాదాన్ని ముఖం వైపుకు వంచి చూడండి. తుంటి కదలకుండానే తొడ వెనుక లాగుడు పెరిగితే అందులో నరం పాత్ర ఉందని అనుమానించాలి. అలాంటప్పుడు గట్టిగా లాగి పట్టుకునే స్ట్రెచింగ్ బాధను పెంచవచ్చు. కాలిలోకి తిమ్మిరి, మంట దిగుతుంటే ఫిజియోథెరపిస్ట్‌కు చూపించాలి.

కొన్ని వారాల స్ట్రెచింగ్‌తో కోణం పెరిగినా, అందులో ఎక్కువ భాగం కండరం సాగడం వల్ల వచ్చింది కాదు. లాగుడును ఓర్చుకునే శక్తి పెరగడమే ప్రధాన కారణం. ఇది తక్కువ లాభమేమీ కాదు, కాకపోతే మానేస్తే తగ్గిపోతుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది కీళ్లు మరీ వదులుగా ఉన్నవాళ్లను. చిటికెన వేలు 90 డిగ్రీలు దాటి వెనక్కి వంగడం, బొటనవేలు ముంజేతిని తాకడం, మోచేతులు, మోకాళ్లు 10 డిగ్రీలు దాటి వెనక్కి వంగడం, మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకు ఆనడం: వీటన్నిటినీ 9 పాయింట్లతో లెక్కించేదే బైటన్ స్కోరు. అందులో ఎక్కువ వచ్చినవాళ్లు కూడా ఒళ్లంతా పట్టేసిందని తరచుగా చెబుతారు. వాళ్లను ఇంకా సాగదీయకూడదు. కీలు చుట్టూ కండరాలకు బలం పెంచే వ్యాయామాలే ఇవ్వాలి.