పెన్నుతో పెట్టిన సంతకమే కావాలట!

ఇల్లు జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, నేను హన్మకొండలో. ఆ కిరాయి ఇంటి పీడ మే 31తో వదిలింది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

జనవరి చివర్లో, బస్సులన్నీ మేడారం బాట పట్టిన వారంలో, బాపుకు గుండె ఆపరేషన్ అయింది. సెలవు పెట్టి వచ్చినవాణ్ణి, ఇక తిరిగి పోయేది లేదని ఐసీయూ బయట కుర్చీలోనే తేల్చుకున్నాను. ఉద్యోగాన్ని కంపెనీ వాళ్లు హైదరాబాద్ ఆఫీసుకు మార్చారు. అందులో కష్టమేమీ లేదు. మిగిలింది ఇల్లు.

అక్కడి లెక్క ఇది. ఇల్లు ఖాళీ చేయాలంటే మూడు నెలల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు నెలలో మూడో పనిదినం లోపు అందితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది. ఒక్క రోజు ఆలస్యమైనా ఇంకో నెల కిరాయి కట్టాల్సిందే. ఇంట్లో మనిషికి బాగా లేదంటే జాలి పడతారేమో గానీ గడువు తగ్గించరు. ఫిబ్రవరిలో మూడో పనిదినం 4వ తేదీ. నేను 2నే ఉత్తరం రాసి, సంతకం చేసి, స్కాన్ తీసి, ఆ ఇంటి కిరాయి వ్యవహారాలు చూసే ఆఫీసుకు మెయిల్ పెట్టి హాయిగా పడుకున్నాను. 6న రెండు వాక్యాల జవాబు వచ్చింది: ఈమెయిల్ చెల్లదు, సంతకం ఉన్న అసలు ఉత్తరం పంపండి.

ఆ మెయిల్ 2వ తేదీనే చూశారు, గడువు దాటాక చెప్పారు. ఇది నా అనుమానం కాదు, నమ్మకం.

ఫోన్ చేశాను. అక్కడ పొద్దున పది, ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర. ఆస్పత్రి వరండాలో నిలబడి జర్మన్‌లో మొదలుపెట్టాను. జర్మన్ భాషలో మధ్యస్థాయి పరీక్ష, బీ1, మొదటిసారే పాసైనవాణ్ణి, ఆ మాత్రం మాట్లాడగలను. అవతలావిడ మాత్రం ఇంగ్లిష్‌లోకి దిగి, బాలవాడి పిల్లలకు చెప్పినట్టు ఒక్కో మాట విడదీసి చెప్పింది: "పేపర్. మీద. పెన్నుతో." ఇటు నర్సు మా బెడ్ నంబరు పట్టుకుని అరుస్తోంది. "అర్థమైందా?" అని ఆవిడ రెండుసార్లు అడిగింది. అయిందన్నాను. తొమ్మిదేళ్ల సర్వీసులో ఏ క్లయింటూ నాతో అలా మాట్లాడలేదు.

స్టుట్‌గార్ట్‌లోనే ఉంటున్న కరీంనగర్ తమ్ముడొకడు ధైర్యం చెప్పాడు: "అన్నా, నీ తరఫున నేను సంతకం పెడతా, నువ్వు అధికార పత్రం పంపు." పంపాను, మళ్లీ స్కానే! వారంలో తిరుగు టపాలో వచ్చింది. నా తరఫున ఇంకొకరు నోటీసు ఇస్తే, అధికార పత్రం అసలుది జత చేయాలట. లేకపోతే వెంటనే తిప్పి పంపే హక్కు యజమానికి చట్టమే ఇచ్చిందట. 'కొత్త కిరాయిదారులను ముగ్గురిని చూపిస్తే వదిలేస్తారు' అని చెప్పిన మహానుభావులు కూడా ఉన్నారు. నమ్మకండి. ఒప్పందంలో రాసి ఉంటే తప్ప వాళ్లు ఒప్పుకోవాలని ఏమీ లేదు.

ఇదంతా చెబితే బాపు మంచంలోనే నవ్వాడు. మా పైవాటాలో ఉన్నవాళ్లు మెట్ల మీద ఎదురుపడి "వచ్చే నెల ఖాళీ చేస్తున్నం సార్" అంటే చాలు, అదే నోటీసు. "వాళ్లే మంచిగ జేసిన్రురా. మనోళ్లు జెప్పకుండ పోయినప్పుడు నాకు తెల్సింది బాధ" అన్నాడు. కొడుకు కష్టంలో ఉంటే యజమానుల వైపు మాట్లాడిన తండ్రి ఈయనొక్కడే.

ఇక మార్చి 4 తప్పకూడదు. రెండు ఉత్తరాలు నీలం సిరాతో సంతకం చేశాను. ఒకటి కొరియర్‌లో వేశాను. "ఐదు రోజుల్ల వోతది సార్" అన్నాడు. నమ్మకం కుదరలేదు. కాజీపేటలో తెలిసినవాళ్ల అమ్మాయి చదువుకోవడానికి అదే ఊరికి 26న బయలుదేరుతోందని తెలిసి, రెండోది పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. అప్పటికి సూట్‌కేసు తూకం మీద ఉంది. ఆవకాయ డబ్బా ఒకటి తీస్తున్నారు, మళ్లీ పెడుతున్నారు. వాళ్లమ్మ కవరు చేతిలో తిప్పి చూసి, "ఏం కాయిదాలు బిడ్డా, మా పిల్లకేం గాదు గద?" అంది. కవరు విప్పి, జర్మన్ ఉత్తరం వాక్యం వాక్యం తెలుగులో చదివి వినిపించాను. చదివాక "గింతేనా!" అని సర్టిఫికెట్ల ఫైలులో పెట్టింది. నా బ్యాగులోనే ఉండిపోయిన ఆ కిరాయి ఇంటి పోస్టు డబ్బా తాళంచెవి కూడా ఆ పిల్లకే ఇచ్చాను.

తమ్ముడు మార్చి 2న సెలవు పెట్టి, ఆ పిల్ల తెచ్చిన ఉత్తరం ఆఫీసులో ఇచ్చి, జిరాక్సు మీద అందినట్టు తేదీతో ముద్ర వేయించుకున్నాడు. మీరూ ఇలాగే చేయండి, పోస్టు డబ్బాలో పడేసి రావద్దు. కొరియర్ 6న చేరింది. దాన్నే నమ్ముకుని ఉంటే ఇంకో 890 యూరోలు, అంటే తొంభై వేల రూపాయల పైనే, పోయేవి. మెయిల్ చెల్లకపోవడంతో ఒక నెల కిరాయి ఎలాగూ పోయింది.

సామాను అమ్మడం, తాళాలు అప్పగించడం తమ్ముడే చూసుకున్నాడు. అక్కడి బ్యాంకు ఖాతా మాత్రం మూసేయకండి, డిపాజిట్ అందులోకే రావాలి. నాది హీటింగ్ లాంటి ఖర్చులు కలపని మూడు నెలల కిరాయి, 2,160 యూరోలు. హీటింగ్ లెక్క తేలేదాకా కొంత ఆపుకుంటామన్నారు. అప్పగింత కాగితంలో లోపాల కింద ఒకే ఒక్కటి రాశారు: వంటగది గోడకు రంధ్రం, ఒకటి. తెలుగు క్యాలెండర్ తగిలించడానికి నేను కొట్టిన మేకుది. దానికెంత కోస్తారో చూడాలి.