బాపు పిండానికి కాళేశ్వరం

2025 మేలో సరస్వతి పుష్కరాలకు అమ్మ, తమ్ముడు, నేను కాళేశ్వరం వెళ్లొచ్చాం. బాపుకు పిండం పెట్టాలని అమ్మ ఎప్పటి నుంచో అంటోంది. వరంగల్ నుంచి పరకాల మీదుగా పోతే దగ్గరే. కానీ రామప్ప చూసి పోదామని ములుగు దారి పట్టించింది.

రామప్ప అంటే బాపుకు శిల్పాల కన్నా ఇటుకే. 1213 నాటి ఆ గుడి గోపురం ఇటుకలు నీళ్లలో తేలుతాయి. గాలానికి బెండ్లు చేసుకునే మనిషికి ఇంకేం కావాలి?

వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో ఫిట్టర్‌గా చేసి, అది మూతపడ్డాక ఇంటి వెనక రేకుల షెడ్డులో మోటార్లు బాగుచేసేవాడు. డ్రమ్ముతో కూలర్, సైకిల్ హబ్బుతో గాలం దారం చుట్టుకునే చక్రం, అన్నీ అక్కడే పుట్టాయి. అరిగిన హవాయి చెప్పు మడమ కోసి, కాల్చిన సూదితో బొక్క పొడిస్తే బెండు. పాత బ్యాటరీ సీసం కరిగిస్తే గుండు. నా పట్టీ నుంచి ఊడిన గజ్జెను కర్ర కొసకు కట్టాడు. ధర్మసాగర్ చెరువు గట్టున చీకట్లో అది గల్లుమంటే చేప తగిలినట్టు. ఎర్రలకు జెల్లలు పడతాయి, కొర్రమీనుకు మాత్రం బతికున్న కప్ప పిల్ల కావాలి. ఆ కప్పల డబ్బా ఫ్రిజ్ పక్కన పెట్టినందుకు అమ్మతో పడిన తిట్లు వేరే కథ.

మహదేవపూర్ దాటాక బండ్లు బారులు తీరాయి. ఎండ మండిపోతోంది. ఎలాగో గుడికి చేరాం. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, యముడిది ఒకటి, ముక్తీశ్వరుడైన శివుడిది ఒకటి. ముందు యముడికి మొక్కి, తర్వాత ముక్తీశ్వరుడికి మొక్కాలి. ముక్తీశ్వర లింగానికి ఉన్న రంధ్రాల్లో పోసిన నీళ్లు లోపల్లోపలే గోదావరి, ప్రాణహిత కలిసే చోటికి చేరతాయని నమ్మకం. చిన్నప్పుడు మమ్మల్ని తీసుకొచ్చినప్పుడు బాపు మొక్కడం మానేసి పూజారిని పట్టుకున్నాడు.

"అయ్యా, పైపు ఏడికెళ్లి ఏసిన్రు?"

"అది దైవ రహస్యం నాయనా."

"రహస్యం అయితే అయ్యింది గనీ, వాలు ఎట్లిచ్చిన్రు?"

బయటికొచ్చి గుడి నుంచి ఏటి దాకా అడుగులు లెక్కపెట్టాడు. అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. నా లెక్కలో మాత్రం ఆ రోజు అందరికన్నా శ్రద్ధగా దండం పెట్టింది ఆయనే.

ఈసారి సంగమంలో మోకాలి లోతు నీళ్లే. తమ్ముడు పిండాలు వదలగానే చిన్న చిన్న పరక చేపలు గుంపుగా వచ్చి పొడవడం మొదలుపెట్టాయి. అప్పటిదాకా కళ్లు తుడుచుకుంటున్న అమ్మ ఒక్కసారి నవ్వింది.

"ఇన్నేండ్లు మోసం జేసి పట్టిండు మీ బాపు. ఇప్పుడన్న కడుపునిండ పెట్టుండ్రి."

పంతులు విననట్టే మంత్రం అందుకున్నాడు. వెనక ఇంకా చాలామంది ఉన్నారని తొందరపెట్టాడు కూడా.