రోగం తేలాక చేతికొచ్చే డబ్బు

2022 వేసవి సెలవుల్లో ఎడమ రొమ్ములో గట్టిగా తగులుతున్న చోట మామోగ్రామ్, ఆ తరువాత సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించే సూది బయాప్సీ చేయించుకున్నాను. నివేదికలో డక్టల్ కార్సినోమా ఇన్ సైటూ అని, గ్రేడు ఎక్కువని రాశారు. పాలనాళాల లోపలే పుట్టి, వాటి గోడ దాటి పక్క కణజాలంలోకి ఇంకా చొరబడని కేన్సర్ ఇదని, రొమ్ములో చాలా మేర పాకింది కనుక మొత్తం తీసేయడమే క్షేమమని, అయినా ప్రాణానికి బెంగపడనక్కరలేదని డాక్టరుగారు నిదానంగా వివరించారు. ఆ మాటతో కొంత తెప్పరిల్లి ఇంటికి వచ్చి, బీరువాలోని క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ తీసి చూస్తే, నాకు వచ్చిన ఆ రోగానికి అందులో పైసా కూడా రాదని తెలిసింది.

మాది నెల్లూరు. పెళ్ళయిన నాటి నుంచి చెన్నైలోని పెరంబూరులో ఉంటున్నాము. మావారికి అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఉద్యోగం, నేను ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కల టీచరును. మామగారికి పక్షవాతం వచ్చినప్పుడు ఆసుపత్రి బిల్లును మెడిక్లెయిమ్ చాలావరకు భరించింది కానీ, ఆ తరువాతి రెండేళ్ళు ఫిజియోథెరపీకి, రాత్రిళ్ళు కనిపెట్టుకుని ఉండే మనిషికి, అత్తగారి మందులకు అయిన ఖర్చును ఏ బీమా పట్టించుకోలేదు. అది కళ్ళారా చూసినవాళ్ళం కనుక, 2018లో మావారి ఆఫీసు మెడిక్లెయిమ్‌కు తోడుగా నా పేరున విడిగా పది లక్షల క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ తీసుకున్నాము.

ఈ రెండింటి స్వభావం పూర్తిగా వేరు. మెడిక్లెయిమ్ ఆసుపత్రికి అయిన బిల్లును, పాలసీ పరిమితుల మేరకు తీరుస్తుంది. క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ బిల్లుతో నిమిత్తం లేకుండా, జాబితాలో ఉన్న జబ్బు నిర్వచనం ప్రకారం నిర్ధారణ అయితే ఒప్పుకున్న మొత్తాన్ని ఒకేసారి మన ఖాతాలో వేస్తుంది, దాన్ని దేనికి ఖర్చుపెట్టుకున్నారని అడగదు. ఒకే జబ్బుకు రెండింటి నుంచీ తీసుకోవచ్చు. ఈ తరహా బీమాను 1983లో దక్షిణాఫ్రికాలో మొదలుపెట్టించినవాడు మారియస్ బర్నార్డ్ అనే గుండె శస్త్రవైద్యుడు. 1967లో లోకంలోనే మొదటి గుండె మార్పిడి చేసిన క్రిస్టియాన్ బర్నార్డ్‌కు స్వయానా తమ్ముడు. తాను ప్రాణం నిలబెట్టిన రోగులు ఆ తరువాత డబ్బు లేక చితికిపోవడం చూసి, వైద్యుడు బతికించిన మనిషిని ఆర్థికంగా నిలబెట్టే ఏర్పాటు కూడా ఉండాలని ఆయన పట్టుబట్టాడు. ఒక వైద్యుడి మనసులో పుట్టిన ఆలోచన కావడం వల్లనేమో, నాకు ఈ బీమా మీద మొదటి నుంచీ గౌరవమే.

మన దేశంలో ప్రధానమైన జబ్బులకు నిర్వచనాలను హైదరాబాదులో ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణికంగా నిర్ణయించింది కనుక, కంపెనీ మారినా వాటి సారాంశం మారదు. కేన్సర్ విషయంలో ఆ నిర్వచనం అడిగేది ఇది: కణాలు అదుపు తప్పి పెరిగి, పక్కనున్న మామూలు కణజాలంలోకి చొరబడి దాన్ని నాశనం చేస్తూ ఉండాలి, ఆ సంగతి కణజాల పరీక్షలో రుజువు కావాలి. దాని కిందనే మినహాయింపులు ఉంటాయి. కార్సినోమా ఇన్ సైటూ అందులో మొదటిది. థైరాయిడ్‌లో టీ1 ఎన్0 ఎం0 స్థాయి (అంటే గడ్డ చిన్నది, లింఫ్ గ్రంథులకు గానీ దూరంగా గానీ పాకనిది) దాటని కేన్సర్లు, కణాల ఉధృతిని చెప్పే గ్లీసన్ స్కోరు ఆరుకు మించని తొలిదశ ప్రొస్టేట్ కేన్సర్లు, ఇతర భాగాలకు పాకితే తప్ప మెలనోమా కాని చర్మ కేన్సర్లు కూడా ఆ వరుసలోనే ఉంటాయి. మా వీధిలోనే ఒకావిడకు థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు, మెడ మీద గాటు ఇప్పటికీ కనబడుతుంది, కానీ గడ్డ చిన్నది, ఎక్కడికీ పాకలేదు కనుక ఆమె క్లెయిమ్ చెల్లలేదు. ఈ పాలసీ కొలిచేది మనం పడ్డ బాధను కాదు, నివేదికలో రాసిన స్థాయిని. తీసుకునేవారందరికీ ఈ ఒక్క సంగతి ముందుగా తెలియాలని నా కోరిక.

ఆపరేషన్ చేసి రొమ్మును, చంకలోని తొలి లింఫ్ గ్రంథులను తీసి పరీక్షకు పంపారు. సూదితో తీసిన చిన్న ముక్కలో కనబడనిది మొత్తం కణజాలం కోసి చూసినప్పుడు బయటపడటం ఈ రకం కేన్సర్‌లో అరుదు కాదని డాక్టరుగారు ముందే హెచ్చరించారు. ఆ నివేదిక కోసం ఎదురుచూసిన రోజుల్లో నా మనసు పడిన నలుగుబాటు ఎవరికీ చెప్పుకోలేనిది. శరీరానికి మంచి కబురైతే ఇంటికి డబ్బు రాదు, ఇంటికి డబ్బు వస్తే శరీరానికి చెడ్డ కబురు. మావారు మాత్రం, "ఆ పది లక్షలు మనకు రాకూడదనే నేను దండం పెట్టుకుంటున్నాను" అని స్పష్టంగా అన్నారు. నివేదిక వచ్చింది. నాళాల గోడ దాటి రెండు సెంటీమీటర్లకు పైబడిన గడ్డ ఉంది, ఒక లింఫ్ గ్రంథిలో కేన్సర్ కణాలు ఉన్నాయి, హెర్2 పాజిటివ్, అంటే కేన్సర్ కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉంది. ఇక కీమోథెరపీ, రేడియేషన్, మూడు వారాలకొకసారి చొప్పున ఏడాది పొడుగునా ఆ హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్. ఆ కాగితం చదువుతూ అమ్మ ఏడ్చింది. మా నెల్లూరు వైపు అడయారు పేరు చెబితే కేన్సరేనని అర్థం. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో స్థాపించిన ఆ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు మా ఊరి నుంచి వెళ్ళినవారిని అమ్మ ఎరుగును కనుక, నన్ను ఏ ఆసుపత్రిలో చూపించినా ఆమెకు అది అడయారే.

క్లెయిమ్ పని మావారు చేపట్టారు. నిర్ధారణ తేదీగా సూది బయాప్సీ తేదీని కాక, చొరబాటు రుజువైన ఆపరేషన్ నివేదిక తేదీని వేయాలని ఆయన గమనించారు. పాలసీ తీసుకున్న మొదటి తొంభై రోజుల్లో తేలిన జబ్బుకు డబ్బు రాని వెయిటింగ్ పీరియడ్ ఎప్పుడో దాటిపోయింది. అది కాక, నిర్ధారణ అయిన తరువాత రోగి ఇన్ని రోజులు బతికి ఉంటేనే డబ్బు ఇస్తామనే సర్వైవల్ పీరియడ్ ఒకటి ఉంటుంది, మా పాలసీలో అది ముప్పై రోజులు. ఆ గడువు గడిచేదాకా ఆగి, క్లెయిమ్ ఫారం, డాక్టరు పూరించిన ధ్రువపత్రం, రెండు నివేదికలు, స్కాన్‌లు, డిశ్చార్జి సమ్మరీ, గుర్తింపు కార్డులు, రద్దు చేసిన చెక్కు జతచేసి పంపారు.

చిక్కు డిశ్చార్జి సమ్మరీతో వచ్చింది. పాత చరిత్ర అన్న చోట ఎవరో జూనియర్ డాక్టరు, "2014 నుంచి రొమ్ములో గడ్డ" అని ఒక ముక్క రాసి వదిలేశారు. 2014లో నాకు గడ్డ వచ్చిన మాట నిజమే. కానీ అది కుడి రొమ్ములో, కేన్సర్ కాని ఫైబ్రోఅడినోమా, అప్పుడే తీసేసి పరీక్ష కూడా చేయించాము. కంపెనీ ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని, జబ్బు పాలసీకి ముందే ఉందేమోనని, అప్పటి నుంచి ఉన్న వైద్య కాగితాలన్నీ పంపమని రాసింది. ఆ ఉత్తరం వచ్చిన రోజు నాకు కీమో వికారం తీవ్రంగా ఉండి, మంచం దిగలేని స్థితి. మావారు 2018లో పాలసీకి దరఖాస్తుగా నింపిన ప్రపోజల్ ఫారం జిరాక్సు తీశారు. గతంలో ఏదైనా గడ్డ గానీ ఆపరేషన్ గానీ జరిగిందా అన్న ప్రశ్నకు ఎదురుగా, కుడి రొమ్ము, ఫైబ్రోఅడినోమా, 2014లో తొలగించారు అని నా చేతిరాతతోనే ఉంది. పక్కనే ఏజెంటు సంతకం, కంపెనీ ముద్ర. దానికి 2014 నాటి బయాప్సీ నివేదిక, సమ్మరీని సరిదిద్దుతూ సర్జన్‌గారు లెటర్‌హెడ్ మీద ఇచ్చిన ఉత్తరం జతచేసి, నకలు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి కూడా పంపారు. కొంత ఆలస్యమైనా పూర్తి మొత్తం ఖాతాలో పడింది.

అప్పుడు కూడా వారు కాదని ఉంటే మాకు మరో దారి ఉందని తెలుసు కనుకే ధైర్యం చెడలేదు. కంపెనీ తిరస్కరించినా, ఫిర్యాదు చేసి నెల గడిచినా జవాబు ఇవ్వకపోయినా, ఏడాదిలోపు, బీమా తగవులను విచారించి తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. ఆ కార్యాలయం చెన్నైలో అణ్ణా సాలై మీద తేనాంపేటలో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. అక్కడ విచారించే తగవు మొత్తానికి అప్పట్లో ముప్పై లక్షల దాకా ఉన్న పరిమితిని 2023లో యాభై లక్షలకు పెంచారు. 2024 నుంచి మరొక రక్షణ కూడా వచ్చింది. ఆరోగ్య పాలసీ తెగకుండా అయిదేళ్ళు నడిస్తే, మోసం రుజువైతే తప్ప, ఏదో చెప్పలేదన్న కారణంతో కంపెనీ క్లెయిమ్‌ను కాదనడానికి వీల్లేదు. అంతకుముందు అది ఎనిమిదేళ్ళు.

ఆ డబ్బు మా ఇంట్లో చేసిన మేలును కొంచెం విడమరచి చెప్పాలి. ఆసుపత్రి బిల్లులను, కీమో, రేడియేషన్‌తో సహా, మెడిక్లెయిమ్ చాలావరకు చూసుకుంది. కానీ పాఠశాలలో నాకు ఏడాది పాటు జీతం లేని సెలవు. రేడియేషన్ వారానికి అయిదు రోజులు, పెరంబూరు నుంచి ఆసుపత్రికి ఆటోలోనే వెళ్ళిరావాలి, ఎందుకంటే బస్సులో ఎవరి మోచేయి తగిలినా ఆ వైపు భరించలేకపోయేదాన్ని. లింఫ్ గ్రంథులు తీసిన చేయి వాచకుండా వేసుకునే బిగుతు తొడుగుకు గానీ, వంటమనిషి జీతానికి గానీ, పాప పదో తరగతి ఫీజుకు గానీ ఆసుపత్రి బిల్లులో చోటు లేదు. మామగారి జబ్బు నాటి భయం తిరిగి రాలేదు. మావారు సెలవు పెట్టి నా పక్కన కూర్చోగలిగారు. సగం డబ్బును బ్యాంకులో వేసి, నా జీతం ఎంతో అంతే నెలనెలా ఇంటి ఖాతాకు వచ్చేలా ఏర్పాటు చేసుకున్నాము. నేను తొందరపడి పాఠశాలకు పరుగెత్తకుండా, ఒంట్లో సత్తువ వచ్చేదాకా ఆగగలిగింది ఆ ఏర్పాటు వల్లనే.

కేన్సర్‌తో పాటు మిగతా నిర్వచనాలనూ చదువుకోవాలి. పక్షవాతమైతే నరాల లోపం కనీసం మూడు నెలలు నిలిచి ఉండాలి. గుండె విషయంలో బైపాస్ ఆపరేషన్ వేరు, స్టెంట్ వేరు. స్టెంట్ వేయించుకున్నంత మాత్రాన బైపాస్ శీర్షిక కింద డబ్బు రాదు. జీవిత బీమాకు రైడర్‌గా, అంటే దానికి జతచేసే అదనపు రక్షణగా తీసుకునేటట్లయితే, ఆ డబ్బు బీమా మొత్తంలోనుంచే తగ్గిస్తారా, అదనంగా ఇస్తారా అని తప్పక అడగాలి. తొలిదశ కేన్సర్‌కు కూడా కొంత భాగం చెల్లించే పాలసీలు కొన్ని ఉన్నాయి. మా చెల్లెలు అటువంటిదే తీసుకుంది. దరఖాస్తులో కుటుంబ చరిత్ర దగ్గర ఆగి, "అక్కా, నీ సంగతి రాస్తే ప్రీమియం పెంచుతారేమో?" అంది. "పెంచితే పెంచనీ, రాయి, ఆ జిరాక్సు మాత్రం దాచుకో" అన్నాను.

నేను ఇప్పుడు తిరిగి తొమ్మిది, పది తరగతులకు పాఠాలు చెబుతున్నాను. కేన్సర్ తిరగబెట్టకుండా రోజూ టమాక్సిఫెన్ అనే హార్మోన్ చికిత్స మాత్ర, నిర్ణీత గడువులకు పరీక్షలు సాగుతున్నాయి. డబ్బు చెల్లించడంతో ఆ పాలసీ ముగిసిపోయింది, కేన్సర్ వచ్చినవారికి అటువంటిది మళ్ళీ దొరకడం చాలా కష్టం. అందువల్ల ఇక మాకు మిగిలిన ఆధారం మెడిక్లెయిమ్ ఒక్కటే, అది మావారి ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఉద్యోగం మానినా ఆ రక్షణ పోకుండా, ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ కాలం లెక్కలోకి వచ్చేలా, ఆఫీసు పాలసీ నుంచి అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలు ఉంటుంది. ఆ దరఖాస్తు నింపే పని ప్రస్తుతం మావారి చేతిలో ఉంది, నా చికిత్స వివరాలన్నీ తేదీలతో సహా అందులో నేనే రాసి ఇచ్చాను.