బోమ్ ఫ్లూటు మీద మాయామాళవగౌళ

జర్మనీలో మ్యూజిక్ స్కూలుకు వెళ్లే మన పిల్లల చేతిలోని ఫ్లూటు ఇంచుమించు థియోబాల్డ్ బోమ్ 1847లో చేసినదే. 1794లో మ్యూనిక్‌లో కంసాలి ఇంట పుట్టి, ఆ పనీ నేర్చి, 1818లో రాజాస్థాన వాద్యబృందంలో చేరాడాయన. 1828లో సొంత కార్ఖానా పెట్టాడు. 1831లో లండన్‌లో చార్లెస్ నికల్సన్ వాయించే పెద్ద రంధ్రాల ఫ్లూటు నాదం విన్నాక తన వాద్యాన్ని మొదటినుంచీ మళ్లీ కట్టాడు: ప్రతి స్వరస్థానానికీ పెద్ద రంధ్రం, వేళ్లు అందనిచోట మీటలు, మూతలు.

స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించే గమకం దీనిమీద కష్టమయ్యేది అందుకే. వెదురు వేణువు మీద వేలు కాస్త జరిపితే స్వరం జారుతుంది; ఇక్కడ మూత తెరుచుకోవడమో మూసుకోవడమో తప్ప మధ్యస్థితి లేదు. మూతల్లో రంధ్రాలున్న రకంలో కొంత జారుడు వస్తుంది గానీ చిన్న వేళ్లు వాటిని సరిగా మూయలేవు. వర్ణాలూ కృతులూ వేణువుకే వదిలేయండి. కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరుసలు, జంట వరుసలు, మలహరి రాగ గీతాలు మాత్రం హాయిగా పలుకుతాయి.

షడ్జం (స) 5 శ్రుతిలో, అంటే G మీద పెట్టండి. స్కూల్లో టీచరు చెప్పే జర్మన్ పేర్లలో, ఆ పాఠాలు మొదలయ్యే మాయామాళవగౌళ రాగం స నుంచి పై స దాకా ఇలా వస్తుంది: గే, ఆస్, హా, త్సే, డే, ఎస్, ఫిస్, గే. స్వరం నోటితో పాడిస్తూ వేళ్లు మాత్రమే కదిలించమనండి. ఊదడం ఆ తర్వాత.

పిల్లలు తడబడేది మ–ప దగ్గర. మధ్యమానికి ఎడమ చూపుడువేలు, కుడి చిటికెనవేలు మాత్రమే నొక్కి ఉంటాయి. పంచమానికి ఆ రెండూ లేవాలి, ఎడమ బొటనవేలితో సహా మిగతా ఆరూ ఒక్కసారిగా దిగాలి. చూపుడువేలు ఎత్తడం మరిస్తే పంచమం మందంగా, మూసుకుపోయినట్టు వస్తుంది. మధ్యమంలో ఫ్లూటు దొర్లిపోతుంటే దాన్ని కుడి బొటనవేలు, ఎడమ చూపుడువేలి మొదలు, గడ్డం మోయడం లేదన్నమాట. ముందు అది సరిచేసి, ఆ రెండు స్వరాలే విలంబంలో సాధన చేయించండి.

శ్రుతి కలవకపోతే తంబురా యాప్ చూడండి. అది సాధారణంగా A స్వరం 440 హెర్ట్జ్ మీద ఉంటుంది, జర్మనీలో ఫ్లూట్లు చాలావరకు 442కు చేసినవి. యాప్‌నే 442కు మార్చండి. అయినా కుదరకపోతే ఊదే తలభాగం లోపలి బిరడా చూడండి. శుభ్రం చేసే కడ్డీని తలభాగంలోకి దూర్చితే దానిమీది గీత ఊదే రంధ్రం మధ్యలో కనబడాలి. బిరడాకూ రంధ్రం మధ్యకూ 17 మిల్లీమీటర్లు. అది జరిగితే స్థాయిల మధ్య శ్రుతి తప్పుతుంది.