ప్రమాదం సెల్లార్లోనే ఉంది

జాంబీ సినిమాల మాట వస్తే మా తమ్ముడికీ నాకూ వాదన తప్పదు. 1968లో జార్జ్ రొమెరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ దగ్గరైతే మరీను. పెన్సిల్వేనియాలో ఓ పల్లెటూరి ఇల్లు. బయట శవాలు తిరుగుతున్నాయి, లోపల ఏడుగురు. కిటికీలకు చెక్కలు కొట్టి పైనే ఉందామంటాడు బెన్. సెల్లార్లోకి దిగి తలుపు బిగించుకుందామంటాడు హ్యారీ కూపర్.

“హ్యారీ చెప్పిందే కరెక్టు అక్కా. చివరికి బెన్ ప్రాణం దక్కించుకుంది ఆ సెల్లార్లోనే కదా” అంటాడు వాడు.

నేను ఒప్పుకోను. హ్యారీ కూతురు క్యారెన్ పడుకుని ఉన్నదీ ఆ సెల్లార్లోనే. ఆ శవాల్లో ఒకటి పిల్లని కరిచింది. అందరూ కిందికి దిగి గడియ పెట్టుకుని ఉంటే, ఆ పిల్ల చచ్చి లేచేది వాళ్ల మధ్యలోనే. చనిపోయినవాళ్లు నిమిషాల్లో లేస్తున్నారు, శవాల్ని వెంటనే తగలబెట్టండి అని టీవీలో డాక్టర్ చెప్తూనే ఉన్నాడు. కానీ ఆ మాట రేపో మాపో కింద ఉన్న పిల్లకీ వర్తిస్తుందేమోనని ఎవరికీ తట్టదు. పైనా కిందా అని కొట్టుకుంటారే గానీ, ప్రమాదం బయటే ఉందన్న నమ్మకంలో మాత్రం బెన్‌కీ హ్యారీకీ తేడా లేదు. చివరికి తల్లి హెలెన్ సెల్లార్లోకి వస్తుంది. ఎదురుగా ఉన్నది ఇంకా తన కూతురే అనుకుంటుంది, కాబట్టి చెయ్యెత్తదు. ఆ పిల్ల తాపీతో తల్లిని పొడిచి చంపుతుంది.

పాత్రల్ని తెలివితక్కువవాళ్లుగా రాసి చంపే కథలంటే నాకు కోపం. ఇక్కడ అలా కాదు, ఎవరి నమ్మకానికి వాళ్ల కారణం ఉంది. తెల్లారాక తుపాకులతో వచ్చినవాళ్లకీ ఉంది: కదిలేదల్లా శవమే. రాత్రి నుంచీ వాళ్లని కాపాడిన లెక్క అదే. కిటికీలో కదిలిన బెన్‌ని ఆ లెక్కతోనే కాల్చేశారు. “లోపలెవరు?” అని ఒక్క కేక వేసి ఉంటే సరిపోయేది.

2016 నాటి కొరియన్ సినిమా ‘ట్రైన్ టు బుసాన్’లోనూ ఇదే. సైన్యం ఉందని నమ్మి రైల్లోవాళ్లు డేజాన్ స్టేషన్‌లో దిగితే, ఆ సైనికులే జాంబీలై మీదపడతారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఆ తర్వాతిది. జాంబీలతో నిండిన పెట్టెలు దాటి, నిండు గర్భిణితో సహా కొందరు ప్రాణాలతో వస్తారు. వాళ్లకీ అంటుకునే ఉంటుందని లోపలివాళ్లు తలుపు తియ్యరు. ఆ ఆలస్యంలోనే, వెనక తలుపు ఆపుతూ నిలబడ్డ ఆమె భర్తని జాంబీలు కరుస్తాయి.