రెట్రో స్లాట్ కార్ బాడీకి ఆమోదం ఇచ్చే ముందు

స్లాట్ కారు అంటే ట్రాక్‌లోని గాడి (స్లాట్) వెంట కరెంటుతో పరుగెత్తే చిన్న మోడల్ కారు, దాని మీద తొడిగే పల్చటి ప్లాస్టిక్ పెంకే బాడీ. కొత్త బాడీ చేతికొచ్చినప్పుడు అది అసలు కారులా ఉందో లేదో చూడటం సులువే. పాత ఫొటో పక్కన పెడితే చాలా వరకు తెలిసిపోతుంది. అంత సులువుగా తేలనిది ఇంకొకటి ఉంది: దీన్ని రేసుల్లో వాడదగ్గ బాడీల ఆమోదిత జాబితాలో చేర్చాక మిగతా బాడీలను ఎవరైనా వాడతారా? 1/24 స్కేల్ రెట్రో కేన్-యామ్ (ఉత్తర అమెరికాలో జరిగిన పాత స్పోర్ట్స్ కార్ల రేసు పోటీ) క్లాసులో లోలా టీ70, షాపరల్, మెక్‌లారెన్ పక్కపక్కన నిలబడాలన్నదే మన తాపత్రయం. ఒక్క బాడీ మిగతావాటికంటే అర శాతం వేగంగా తిరిగినా చాలు, త్వరలోనే ట్రాక్ ఎనిమిది లేన్లలోనూ అదే ఉంటుంది. లెక్క వేసి చూడండి. ల్యాపుకు 5 సెకన్లు అనుకుంటే 3 నిమిషాల హీటుకు (ఒక్కో లేన్‌లో ఒక విడత పరుగు) 36 ల్యాపులు, ఎనిమిది లేన్లకు 288. అందులో అర శాతం అంటే దాదాపు ఒకటిన్నర ల్యాపు. రేసు గెలవడానికి అంత తేడా చాలు.

పరీక్షకు తయారీదారు నుంచి కత్తిరించని, రంగు వేయని, పారదర్శకంగా ఉన్న బాడీలు మూడు అడగాలి. రంగేసి పంపిన నమూనా ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి, రంగు కింద మందం దాక్కుంటుంది.

ముందు తేల్చాల్సింది ప్లాస్టిక్ సంగతి. మనం లెక్సాన్ అని పిలిచేది పాలీకార్బొనేట్. చూడటానికి అచ్చం అలాగే ఉండే పెట్‌జీ (ఇంకో రకం ప్లాస్టిక్) షీటు చవక, వేడిచేసి లాగితే అచ్చు మీద సులువుగా కూర్చుంటుంది. కంటికి తేడా తెలియదు. అంచు నుంచి వంపు ఉన్న ముక్క ఒకటి కత్తిరించి మరిగే నీళ్లలో వేయండి. పెట్‌జీ సుమారు 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి వంపు పోయి మెలికలు తిరుగుతుంది. పాలీకార్బొనేట్‌కు 147 డిగ్రీల దాకా ఢోకా లేదు, వేసిన ముక్క వేసినట్టే బయటికొస్తుంది. బాడీలో అప్పడం మీది పొక్కుల్లాంటి సన్న బుడగలు కనిపిస్తే షీటును ముందుగా ఆరబెట్టకుండా వేడిచేశారని అర్థం. పాలీకార్బొనేట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వేడికి ఆ తేమే బుడగ కడుతుంది. అలాంటి నమూనాను తిప్పి పంపాలి.

తర్వాత మందం. ప్యాకెట్ మీద రాసిన 0.010 అంగుళాలు, అంటే 0.254 మిల్లీమీటర్లు, అచ్చు మీద లాగకముందు షీటు మందం. వేడెక్కిన షీటు అచ్చులో ముందు తగిలిన చోట, అంటే పై భాగాల్లో, చల్లబడి మందంగా మిగులుతుంది. పక్కగోడలూ కింది మూలలూ చివర్లో సాగుతాయి కాబట్టి అక్కడే పల్చబడుతుంది. కారు గోడను ముందుగా తాకేది ముక్కు కిందిభాగమే, తీరా సాగేదీ అదే. గుండ్రటి మొన ఉన్న మైక్రోమీటర్‌తో ఐదు చోట్ల కొలవాలి: కాక్‌పిట్ ముందు భాగం, ముందు ఫెండర్ (చక్రం మీది కప్పు) శిఖరం, ముక్కు అంచు, పక్కగోడ మధ్య, వెనక మూల. చదునైన మొనలున్న మామూలు మైక్రోమీటర్ వంపుల మీద మందాన్ని ఎక్కువ చూపిస్తుంది. సరిచూసుకోవడానికి తూకం ఉంది. 200 చదరపు సెంటీమీటర్ల బాడీ ఎక్కడా సాగకుండా 0.254 మిల్లీమీటర్లు ఉంటే 6.1 గ్రాములు తూగాలి. 4.3 గ్రాములే తూగిందంటే సగటు మందం 0.18కి పడిపోయింది, అంటే దాదాపు 0.007 అంగుళాల షీటంత. ఆ బాడీ తేలిక, ఆ తేలికదనం కూడా ట్రాక్ మీద లాభమే. ఒకే అచ్చు నుంచి వచ్చిన మూడింటి తూకంలో తేడా ఎక్కువుంటే వేడి నిలకడగా లేదన్నమాట. అప్పుడు దుకాణంలో ఎవరికి ఏది దొరుకుతుందో అదృష్టం మీద ఆధారపడుతుంది.

కొలతల దగ్గర కొంచెం పట్టువిడుపు కావాలి. లోలా టీ70 వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 95 అంగుళాలు, 24తో భాగిస్తే 100.5 మిల్లీమీటర్లు. మనవాళ్లు ఇత్తడి, పియానో వైరుతో కట్టే చాసిస్‌లలో 4 అంగుళాల వీల్‌బేస్ మామూలు, అంటే 101.6. దాని మీద లోలా చక్కగా కూర్చుంటుంది. పోర్షా 917 సంగతి వేరు. దాని 2300 మిల్లీమీటర్లు 95.8కి వస్తాయి, దాదాపు 6 మిల్లీమీటర్లు తక్కువ. అందుకే తయారీదారులు మధ్యలో సాగదీస్తారు. తలుపు దగ్గర సాగదీస్తే సరేననవచ్చు. ముక్కు దగ్గర సాగదీస్తే మాత్రం ఒప్పుకోకూడదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ముందు ఇరుసుకు ముందున్న ప్రతి మిల్లీమీటరూ గాలి ఒత్తిడితో కారును కిందికి నొక్కే పలకగా పనిచేస్తుంది.

మూసలో కారు సంవత్సరం కూడా తేలాలి. 1969లో 11 రేసులకు 11 గెలిచిన మెక్‌లారెన్ ఎం8బికి ఎత్తైన రెక్క. ఎత్తు రెక్కలు నిషేధించాక 1970లో వచ్చిన ఎం8డికి తోక దగ్గర రెండు నిలువు పలకలు, వాటి మధ్యలో రెక్క. ఈ నిలువు పలకల మీదే కన్ను వేయాలి. కారు వంపులో తోక బయటికి విసురుతుంది. ఆ క్షణంలో చదునైన నిలువు గోడ గాలికి తెరచాపలా అడ్డుపడి తోకను వెనక్కి నెడుతుంది. ఆ పలకను నాలుగు మిల్లీమీటర్లు ఎత్తుగానో పొడవుగానో పోస్తే దూరం నుంచి ఎవరికీ తెలియదు, డ్రైవర్ చేతికి మాత్రం తెలుస్తుంది. కాబట్టి ఫొటోలో చక్రం వ్యాసంతో పోల్చి పలక ఎత్తు తేల్చండి. అలాగే వెనక అంచు పైకి లేచిన తీరు, డెక్ (బాడీ వెనక పైభాగం) మీద గిన్నెలా లోపలికి దిగిన వంపు, పక్కలకు విచ్చుకున్న ఫెండర్ అంచులు చూడాలి. సమతల దిమ్మ మీద ముక్కును ఒకే ఎత్తులో పెట్టి, వెనక అంచు ఎత్తు కొలిస్తే ఏ బాడీ ఎంత వాలిందో అంకెల్లో వస్తుంది.

కత్తిరింపు గీత అచ్చులోనే ఉండాలి. గీత లేని బాడీని ఎవరికి తోచినట్టు వాళ్లు కోస్తారు. పక్కగోడను రెండు మిల్లీమీటర్లు కిందికి వదిలినవాడు వేరే బాడీ నడుపుతున్నట్టే.

ఇక ట్రాక్. పోలికకు ఎప్పటినుంచో జాబితాలో ఉన్న బాడీ ఒకటి ఎంచుకోండి. రెండూ ఒకే చాసిస్ మీద, బాడీని పిన్నులతో చాసిస్‌కు పట్టి ఉంచే అవే పిన్ను ట్యూబులకు, ముక్కు కింద అదే ఖాళీతో బిగించాలి. ఆ ఖాళీ 0.8 మిల్లీమీటర్లు పెట్టుకుంటే ప్రతిసారీ అదే మందం రేకు ముక్కతో సరిచూడొచ్చు. రంగు వేశాక తూకంలో తేడా 0.2 గ్రాములు దాటకూడదు. దాటితే తేలికైనదానికి లోపల టేపు అంటించి సరిచేయండి, అదీ కింద అంచుల్లోనే. పైన అంటిస్తే బరువు ఎత్తులోకి పోయి పరీక్ష చెడుతుంది.

155 అడుగుల కింగ్ ట్రాక్ (ఎనిమిది లేన్ల ట్రాక్ నమూనా) అయితే రెడ్, బ్లాక్ రెండు చివరి లేన్లూ, మధ్య లేన్ ఒకటీ చాలు. మోటారు వేడెక్కడానికి 20 ల్యాపులు తిప్పి, పాత బాడీతో 25, కొత్తదానితో 25, మళ్లీ పాతది, మళ్లీ కొత్తది, చివర్లో పాతది. ఇలా మార్చిమార్చి ఎందుకంటే టైర్ల పట్టు కోసం ట్రాక్ మీద వేసే జిగురు, టైరు, మోటారు వేడి ప్రతి పది నిమిషాలకీ మారిపోతుంటాయి. ఒకటి పొద్దున, ఇంకొకటి మధ్యాహ్నం తిప్పితే మీరు కొలిచింది జిగురునే. ప్రతి విడతలో మొదటి మూడు ల్యాపులు వదిలేసి, మిగతా 22 సమయాలను వరుసలో పేర్చి నడిమి విలువ తీసుకోండి. అత్యుత్తమ ల్యాపు చూసి మురిసిపోతే మోసపోతారు. పాత బాడీ మొదటి విడతకూ చివరి విడతకూ మధ్య తేడా, రెండు బాడీల మధ్య తేడాకంటే ఎక్కువుంటే ఆ రోజు ఫలితం కొట్టేసి మళ్లీ చేయాల్సిందే. ఇద్దరు డ్రైవర్లు విడివిడిగా చేసినప్పుడు ఇద్దరికీ 5 సెకన్ల ల్యాపులో 0.025 సెకన్లు దాటి లాభం వస్తే నేనైతే ఆమోదించను.

దెబ్బ తట్టుకోవడం కూడా చూడాలి. పాలీకార్బొనేట్ ఎంత గట్టిదైనా గాటుకు లొంగిపోతుంది. చక్రాల కోతలో కత్తి మూల దాటి జారితే పగులు అక్కడి నుంచే బయల్దేరుతుంది. అందుకే మూలల్లో ముందు గుండ్రటి రంధ్రం వేసి, వంకర కత్తెరతో దానిదాకా కోసి ఆపాలి. నున్నగా కోసిన ముక్కు అంచును వేళ్లతో పూర్తిగా వెనక్కి మడిచి వదలండి. తెల్లబడినా ఫరవాలేదు, చీలితే అక్కడ మందం చాల్లేదు. పల్చటి ముక్కు మొదటి గుద్దుకే లోపలికి మడతపడుతుంది, ఆ మడత ట్రాకును పట్టుకోగానే కారు స్లాట్‌లోంచి ఎగిరిపోతుంది.

అన్నీ కుదిరాక కత్తిరించని బాడీ ఒకటి తేదీ రాసి కవరులో మూసి దాచాలి. తయారీదారు గుర్తు, నంబరు అచ్చులోనే చెక్కి ఉంటే తనిఖీ బల్ల దగ్గర గొడవ ఉండదు. అచ్చును ఎంత కొద్దిగా మార్చినా కొత్త నంబరు, కొత్త పరీక్ష. గాలి రంధ్రాలు మూసుకుపోయి గ్రిల్ గీతలు మొద్దుబారినప్పుడు దాన్ని మళ్లీ తవ్వుతారు. తవ్వేటప్పుడు ముక్కు ఇంకాస్త పదునెక్కుతుంది. దాచిన బాడీ పక్కన కొత్తది పెట్టి చూడాల్సింది అప్పుడే.